పిల్లాడు ట్రైనింగుకి వెళ్లిన ఇంట్లో ఏడు నెలలు

ఆర్మీ సెలక్షన్ లిస్టులో నంబరు కనపడ్డ రోజు నుంచి రైలెక్కించే రోజు దాకా ఇంట్లో ఎవరికీ ఊపిరి తిరగదు. జిరాక్సులు, పోలీసు వెరిఫికేషను, పెళ్లికాలేదన్న సర్టిఫికెట్టు, నల్ల ట్రంకు పెట్టె, బంధువుల ఇళ్లలో వరసపెట్టి భోజనాలు. అసలు కష్టం రాజమండ్రి స్టేషను నుంచి ఇంటికి తిరిగొచ్చాక మొదలవుతుంది. ఫోను స్విచాఫ్. ఎక్కడ పడుకున్నాడో, ఏం తిన్నాడో చెప్పేవాళ్లు లేరు. అమ్మకి అన్నం సహించదు. నాన్న పొద్దున్నే చేలోకి పోయి చీకటిపడ్డాక గానీ ఇంటికి రాడు.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరంలో ఈ రోజులు కొంత తేలిగ్గా గడుస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి తరతరాలుగా సైన్యంలోకి మనుషుల్ని పంపిన ఊరది. మిలటరీ మాధవరం అనే పేరు అలాగే వచ్చింది. అక్కడ పక్కింటి రిటైర్డు హవల్దారు గారు అరుగు మీద కూర్చునే చెప్పేస్తారు, "మొదటి నెల ఫోను రాదమ్మా, కంగారుపడకండి" అని. కోనసీమ లంకల్లోనో, భీమవరం చెరువుల మధ్యనో ఊరి మొత్తానికి మొదటి రిక్రూటు వెళ్లిన ఇంటికి ఆ మాట చెప్పేవాళ్లుండరు. చాలా ఇళ్లలో దిగులుకి మూలం అదే. ఏది మామూలో, దేనికి ఫోను ఎత్తాలో, ఏ పని మన చేతిలో ఉందో తెలియక అన్నీ కలిసి ఒకే భయంగా కూర్చుంటాయి. వాటిని విడదీసి చూస్తే సగం బరువు తగ్గుతుంది. మిగతా సగం నిజమైన బెంగ, దాన్ని మొయ్యక తప్పదు.

ముందు క్యాలెండరు

గోదావరి జిల్లాల పిల్లల ఆర్మీ భర్తీ విశాఖపట్నం రిక్రూటింగ్ ఆఫీసు చూస్తుంది. ఎంపికయ్యాక ఎక్కడికి పంపేదీ వాళ్లకి వచ్చిన రెజిమెంటు, ట్రేడు బట్టి ఉంటుంది. హైదరాబాదు ఆర్టిలరీ సెంటరు, సికింద్రాబాదు ఈఎంఈ (ఆర్మీ యంత్రాల మరమ్మతు విభాగం) సెంటరు, బెంగళూరులో మద్రాస్ ఇంజనీర్ గ్రూపు, నీలగిరుల్లో వెల్లింగ్టన్ దగ్గర మద్రాస్ రెజిమెంటు సెంటరు, జబల్‌పూర్ సిగ్నల్స్ సెంటరు, ఇలా. నేవీకి ఎంపికైతే ఒడిశాలోని ఐఎన్ఎస్ చిలక, ఎయిర్‌ఫోర్సుకైతే కర్ణాటకలోని బెళగావి. ఇప్పుడు అమ్మాయిలు కూడా అగ్నివీరులుగా, అంటే నాలుగేళ్ల కాలానికి, వెళ్తున్నారు. ఆర్మీలో మిలటరీ పోలీసు విభాగానికి ఎంపికైన అమ్మాయిలకి బెంగళూరులో శిక్షణ ఇస్తారు. ఆఫీసరు శిక్షణ దారి వేరు. ఖడక్‌వాస్లా నేషనల్ డిఫెన్స్ అకాడమీలో మూడేళ్లు, ఆపైన డెహ్రాడూన్‌లో ఏడాది. చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో అయితే 49 వారాలు. ఇక్కడ చెప్పేది ఎక్కువగా ఆర్మీ అగ్నివీరుల ఇళ్ల గురించి, డెల్టా నుంచి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే కాబట్టి.

ఆర్మీ అగ్నివీర్ శిక్షణ ఆరేడు నెలలు. 31 వారాల కోర్సున్న చోట మొదటి 10 వారాలు బేసిక్, తరవాతి 21 వారాలు అడ్వాన్స్‌డ్. మన లెక్కలో చెప్పాలంటే, సార్వా ఊడ్పులప్పుడు వెళ్లినవాడు దాళ్వా ఊడ్పులు అయ్యాక గానీ రాడు. సంక్రాంతి మధ్యలో వచ్చినా ఇంటికి పంపుతారని ఆశ పెట్టుకోకండి. అగ్నివీరుకి ఏడాదికి 30 రోజుల సెలవు ఉంటుంది గానీ, శిక్షణ కాలంలో అది ఎప్పుడిచ్చేదీ సెంటరు ఇష్టం. "పండక్కి వచ్చేస్తాడులే" అని చుట్టాలతో అనుకుంటూ కూర్చున్న ఇంట్లోనే భోగి నాడు ఏడుపు ఎక్కువగా ఉంటుంది. రాడు అని ముందే అనుకుంటే ఆ రోజు గడిచిపోతుంది.

ఈ కాలమంతా ఒకే తీరుగా ఉండదు. మొదటి రెండు మూడు వారాలు క్షవరం, కిట్టు ఇవ్వడం, మళ్లీ మెడికల్ పరీక్ష, టీకాలు, కాగితాలు, బ్యారక్‌లో చోటు. ఈ దశలో ఒంటి కంటే మనసుకి కష్టం ఎక్కువ. అందులోనూ తెలుగు మీడియం పిల్లలకి భాష పెద్ద గోడ. శిక్షణ ఇచ్చే ఉస్తాదు అరిచేది హిందీలో. మాట అర్థమయ్యేలోపు పక్కవాళ్లు తిరిగేస్తారు, మనవాడు ఆలస్యంగా తిరిగి తిట్లు తింటాడు. బయల్దేరేముందు ఒక పది రోజులు టైముంటే సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, బాయే ముడ్, పీఛే ముడ్, తేజ్ చల్, థమ్ అనే మాటలు చెవికి అలవాటు చేయించండి. బట్టలు, బకెట్టు, బూటు, భోజనం, నొప్పి, జ్వరం, సెలవు, వీటికి హిందీ మాటలొస్తే చాలా అవమానాలు తప్పుతాయి. 

నాలుగో వారం నుంచి పదో వారం దాకా మనసు కుదుటపడుతుంది గానీ ఒళ్లు హూనమవుతుంది. అడ్వాన్స్‌డ్ దశకి వచ్చేసరికి ఆయుధాలు, ఫైరింగు, ట్రేడు పని వస్తాయి. గొంతులో తేడా మీకే తెలుస్తుంది. ఫోన్లో మాటలు తగ్గుతాయి, మాట మీద మాట పడదు, అడిగినదానికి సూటిగా జవాబిస్తాడు. దీన్ని చూసి "మన మీద ప్రేమ తగ్గింది" అనుకునే తల్లులున్నారు. పద్ధతిగా, పొదుపుగా మాట్లాడటం అక్కడ రోజంతా నేర్పుతారు, అదే ఫోన్లోకి వస్తోంది.

ఫోను రాని రోజులు, మొదటి ఫోను

చాలా సెంటర్లలో చేరిన రోజే మొబైళ్లు తీసి భద్రపరుస్తారు. తరవాత వారానికోసారి, ఎక్కువ చోట్ల ఆదివారం, కొంతసేపు ఇస్తారు. ఆ వారం ప్లాటూనుకి, అంటే వాడుండే జట్టుకి, శిక్ష పడితే, ఫైరింగు రేంజికి పోతే అదీ ఉండదు. కాబట్టి చేరానన్న కబురొచ్చాక రెండు మూడు వారాలు మాట వినపడకపోయినా అది మామూలే. నెల దాటినా ఏ కబురూ లేకపోతే జాయినింగు లెటర్లో ఉన్న సెంటరు నంబరుకి పని వేళల్లో ఒకసారి ఫోను చేసి, పేరు, ఆర్మీ నంబరు, కంపెనీ (కొన్ని ప్లాటూన్లు కలిసిన పెద్ద జట్టు) చెప్పి మర్యాదగా అడగండి. రోజూ చెయ్యకండి. అది పిల్లాడికే చుట్టుకుంటుంది.

పెద్ద దెబ్బ తగిలినా, ఆస్పత్రిలో చేర్చినా సెంటరే ఇంటికి కబురు చేస్తుంది. ఏ నంబరుకి చేస్తుంది? కాగితాల్లో రాసిన నంబరుకి. రీచార్జి అయిపోయి ఇన్‌కమింగ్ ఆగిపోయిన సిమ్ము, రొయ్యల చెరువు దగ్గర పాకలో సిగ్నలు అందని ఫోను, కిందటేడు మార్చేసిన నంబరు, ఇవే అసలు ప్రమాదాలు. రెండు నంబర్లు రాయించండి, ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉండే మనిషిది. గోడ క్యాలెండరు మీద పెద్ద అక్షరాలతో పిల్లాడి ఆర్మీ నంబరు, బ్యాచి, కంపెనీ, ప్లాటూను, సెంటరు ఫోను రాసిపెట్టండి. నానమ్మ ఒక్కతే ఉన్నప్పుడు ఫోనొచ్చినా చూసి చెప్పగలగాలి.

మొదటి ఫోనుకి సిద్ధపడి ఉండాలి. అయిదు నిమిషాలుంటుంది, అందులో రెండు నిమిషాలు ఏడుపే. "అమ్మా, నావల్ల కావట్లేదు, వచ్చేస్తాను" అంటాడు. ఇక్కడ ఇళ్లలో వినపడే జవాబులు రెండు, రెండూ చెరుపే. తల్లి "వచ్చెయ్ నాన్నా, మనకేం తక్కువ" అంటుంది. ఆ రాత్రి వాడికి నిద్రపట్టదు, మర్నాడు పరేడులో మనసు ఇంటి దగ్గరుంటుంది. తండ్రి ఫోను లాక్కుని "ఊరంతా తెలిసిపోయింది, పరువు తియ్యకు" అంటాడు. ఆ మాట విన్న పిల్లాడు మళ్లీ కష్టం చెప్పడు, నిజంగా దెబ్బ తగిలినప్పుడు కూడా చెప్పడు. పనికొచ్చేది మూడో దారి. ముందు విన్నామని తెలియాలి, తరవాత చిన్న గడువు, తరవాత అడగాల్సిన ప్రశ్న. "అవున్రా నాన్నా, కష్టంగానే ఉంటుంది. ఇప్పుడేం తేల్చుకోవద్దు, వచ్చే ఆదివారం దాకా చూద్దాం. కాళ్లెలా ఉన్నాయి? ఎక్కడైనా నొప్పి పట్టేసి పోవట్లేదా? పక్క మంచం అబ్బాయిది ఏ ఊరు?" పక్క మంచం అబ్బాయి పేరు చెప్పగలిగితే వాడక్కడ నిలదొక్కుకుంటున్నట్టే. మూడు నాలుగు వారాలైనా ఒక్క స్నేహితుడి పేరూ రాకపోతే ఆ సంగతి మనసులో పెట్టుకుని చూడండి.

ఇంకో మాట. వచ్చెయ్యడం వాడి ఇష్టం మీద జరిగే పని కాదు. అగ్నివీరుగా చేరాక నాలుగేళ్లలోపు సొంత కోరిక మీద వదిలెయ్యడానికి, చాలా అరుదైన సందర్భాల్లో పై అధికారి ఒప్పుకుంటే తప్ప, వీలుండదు. చెప్పకుండా గేటు దాటితే అది ఆర్మీ చట్టం కింద నేరం. అందుకే "వచ్చెయ్" అనే మాట ఎంత ప్రేమతో అన్నా దానివల్ల వాడికి ఒరిగేది లేదు.

చచ్చిపోవాలనుంది అన్న మాట, ఎవరో ఒకరు పనిగట్టుకుని కొడుతున్నారన్న మాట, వారం వారం గొంతు పడిపోతూ ముక్తసరి జవాబులు రావడం, ఇవి వింటే ఆదివారం దాకా ఆగొద్దు. అదే రోజు సెంటరుకి ఫోను చేసి కంపెనీ కమాండరుతో మాట్లాడాలని అడగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలిమానస్ 14416 కి ఎవరైనా, ఎప్పుడైనా ఉచితంగా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

కాళ్లు

శిక్షణ మధ్యలో ఆగిపోవడానికి ధైర్యం లేకపోవడం కంటే మోకాలి కింద ఎముక ఎక్కువ కారణమవుతుంది. డెల్టా పిల్లల విషయంలో దీని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. మన పిల్లలు పరుగు నేర్చుకునేది కాలవ గట్టు మీద, మెత్తటి ఒండ్రు మట్టిలో, కాన్వాసు బూట్లతోనో ఒట్టికాళ్లతోనో. లక్ష్యం కూడా చిన్నదే, భర్తీ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు. అక్కడికి వెళ్లగానే గట్టి పరేడు గ్రౌండు, తోలు బూట్లు, మడమ దించి కొట్టే డ్రిల్లు, రోజుకి గంటల తరబడి నిలబడటం, బరువుతో పరుగు. ఎముక మీద కొత్త భారం పడితే శరీరం ముందు పాత ఎముకని కొంత కరిగించి ఆ తరవాత గట్టిది కడుతుంది. కరిగే పని తొందరగా, కట్టే పని నిదానంగా జరుగుతుంది. ఆ మధ్య వారాల్లో సన్నటి పగులు వస్తుంది. దాన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు.

మామూలు కండరాల నొప్పి రెండు కాళ్లకీ ఉంటుంది, ఆదివారం విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది. పగులు నొప్పి ఒకే చోట, వేలు పెట్టి చూపించేంత చిన్న మేర ఉంటుంది. నొక్కితే గిలగిల్లాడతాడు, కుంటుతాడు, రాత్రి పడుకున్నా సలుపుతుంది. ఫోన్లో ఈ ప్రశ్నలే అడగండి. రెండోదైతే వెంటనే ఎంఐ రూముకి, అంటే యూనిటు వైద్యుడి దగ్గరికి వెళ్లమనండి. పిల్లలు వెళ్లరు, ఎందుకంటే విశ్రాంతి రాస్తే రెలిగేట్ చేస్తారని భయం. రెలిగేట్ అంటే వెనకొచ్చే బ్యాచిలో కలపడం. కొన్ని వారాలు పోతాయి, అంతే. దాచిపెట్టి పరిగెడితే సన్నటి పగులున్న ఎముక పూర్తిగా విరిగిపోతుంది, మెడికల్ కేటగిరీ (ఒంటి ఆరోగ్యానికి ఆర్మీ ఇచ్చే గ్రేడు) పడిపోతుంది, ఉద్యోగమే పోవచ్చు. కొన్ని వారాల నష్టం ఎక్కడ, ఉద్యోగం నష్టం ఎక్కడ అని లెక్క చెప్పి పంపండి.

కఠినమైన కసరత్తు తరవాత మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చినా, ఎండలో వాంతులై మాట తడబడినా అది గంటల్లో చూపించుకోవాల్సిన విషయం. మన తీరపు ఉక్కలో పెరిగాం కదా, ఎండకేం భయం అనుకుంటారు. గాలి ఆడని మధ్యాహ్నం బరువుతో పరుగు ఎవరికైనా ఒకటే. చలి సంగతికొస్తే, వెల్లింగ్టన్ 1,800 మీటర్ల పైన ఉంటుంది. జబల్‌పూర్ శీతాకాలం కాకినాడ పిల్లాడికి కొత్త. కిట్టు వాళ్లే ఇస్తారు గానీ పెదవులకి, మడమలకి వాజలీను, లోపల వేసుకునే రెండు కాటన్ బనీన్లు అదనంగా ఉంటే మంచిది.

ఇంకా వెళ్లడానికి ఆరెనిమిది వారాలు ఉన్నవాళ్లు వారంలో రెండు రోజులు గట్టి నేల మీద పరుగు అలవాటు చేసుకోవాలి. వారం వారం దూరాన్ని పదో వంతుకి మించి పెంచకూడదు. రోజూ పాలు, గుడ్డు, రాగులు, కాసేపు ఎండ. పుచ్చిన పళ్లు ముందే చూపించుకోవాలి. జిమ్ములో ఎవరో ఇచ్చిన పేరు తెలియని పొడులు, ఇంజెక్షన్లు పూర్తిగా మానాలి.

తిండి గురించి తల్లులు పడే బెంగ అక్కర్లేదు. మెస్సులో అన్నం ఉంటుంది, చపాతీ ఉంటుంది, పప్పు, కూర, గుడ్డు, పాలు ఉంటాయి. పులుసు ఉండదు, ఆవకాయ ఉండదు. మొదటి నెల బరువు తగ్గుతాడు, తరవాత కోలుకుంటాడు. పార్సిలు పంపేముందు లోపలికి రానిస్తారో లేదో వాడినే అడగండి. రానిస్తే సున్నుండలు, జంతికలు నిలుస్తాయి. పూతరేకులు దారిలో పొడైపోతాయి. ఆవకాయ నూనె కారి వాడి బట్టలన్నీ పాడుచేస్తే తనిఖీలో తిట్లు. పంపితే ఇరవై మందికి సరిపడా పంపండి, లేదా మానెయ్యండి.

ఉత్తరం మాత్రం తప్పకుండా రాయండి. ఫోను అయిదు నిమిషాల్లో అయిపోతుంది, ఉత్తరం ట్రంకు పెట్టెలో ఉంటుంది, మళ్లీ చదువుకుంటాడు. ఆర్మీ నంబరు, పేరు, ప్లాటూను, కంపెనీ, సెంటరు, పిన్ కోడు రాయాలి. తరవాత యూనిటుకి వెళ్లాక చిరునామా కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) లేదా 99 ఏపీఓ అని, 9తో మొదలయ్యే పిన్‌తో ఉంటుంది. ఆ చిరునామాకి పోస్టాఫీసు నుంచే పంపాలి, ప్రైవేటు కొరియరు వెళ్లదు.

మన చేతిలో ఉన్న పని: కాగితాలు, డబ్బు

బెంగతో కూర్చునే బదులు తల్లిదండ్రులు చెయ్యగలిగిన గట్టి పని ఒకటుంది. పేర్లు సరిచూసుకోవడం. పిల్లాడి టెన్త్ మెమోలో తల్లి పేరు ఒట్టి "లక్ష్మి" అని ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరుతో కలిపి "వెంకట లక్ష్మి". బ్యాంకు పుస్తకంలో పుట్టింటి ఇంటిపేరు. తండ్రికి ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి పేరు. సర్వీసు రికార్డులో ఎక్కేది ఒక్కటే పేరు. ఇన్సూరెన్సు నామినీకైనా, రేపు ఏ క్లెయిముకైనా ఆ ఒక్క పేరే చూస్తారు. తేడా ఉంటే రికార్డాఫీసుకీ ఇంటికీ మధ్య కాగితాలు నెలల తరబడి తిరుగుతాయి. పిల్లాడు రికార్డులో ఏం రాయించాడో అక్షరం అక్షరం అడిగి తెలుసుకుని, మీ ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా దానికి సరిపడేలా ఈ ఏడు నెలల్లో మార్పించుకోండి. పుట్టిన తేదీలు కూడా చూడండి.

డబ్బు లెక్క సూటిగా తెలిసుండాలి. అగ్నివీరుకి మొదటి ఏడాది నెలకి 30,000. అందులో 30 శాతం, అంటే 9,000, నాలుగేళ్లయ్యాక ఒకేసారి చేతికిచ్చే సేవానిధికి పోతుంది, చేతికి 21,000. రెండో ఏడు 33,000లో 23,100, మూడో ఏడు 36,500లో 25,550, నాలుగో ఏడు 40,000లో 28,000 చేతికొస్తాయి. నాలుగేళ్లలో వాడి వాటా 5.02 లక్షలు, ప్రభుత్వం అంతే వేస్తుంది, వడ్డీ కలుస్తుంది, పన్ను ఉండదు. గ్రాట్యుటీ, పింఛను లేవు. 48 లక్షల జీవిత బీమాకి ప్రీమియం కట్టక్కర్లేదు. సొంత కోరిక మీద మధ్యలో వస్తే ప్రభుత్వ వాటా రాదు. బ్యాచిలో 25 శాతం దాకా మాత్రమే నాలుగేళ్ల తరవాత రెగ్యులరు కేడరులోకి తీసుకుంటారు.

మొదటి జీతం ఖాతాలో పడటానికి కాగితాల వల్ల ఆలస్యం కావచ్చు. కంగారుపడి అడక్కండి. వాడి జీతం చూపించి చీటీ ఎత్తడం, చెరువు లీజుకి అప్పు తేవడం, చెల్లెలి పెళ్లికి సేవానిధిని ఇప్పుడే లెక్కలో కలపడం మంచిది కాదు. నాలుగేళ్ల తరవాత ఇరవైల్లోనే మళ్లీ చదువో, వ్యాపారమో మొదలుపెట్టాల్సినవాడికి అదే పెట్టుబడి. పెళ్లి మాట కూడా ఇక్కడే తేలాలి. నాలుగేళ్లూ అగ్నివీరు పెళ్లి చేసుకోకూడదు. మేనమామ గారింట్లో తొందరపడుతున్నా సరే, ఆ మాట వాళ్లకి ముందే స్పష్టంగా చెప్పెయ్యండి. ఫోన్లో సంబంధాల ప్రస్తావన తెచ్చి వాణ్ని కదపొద్దు.

డబ్బు పేరుతో మోసాలూ ఉన్నాయి. "మీ అబ్బాయికి దెబ్బ తగిలింది, ఆపరేషనుకి వెంటనే పంపండి", "ఫెయిలయ్యాడు, ఇంత ఇస్తే పాస్ చేయిస్తాం" అని ఫోన్లొస్తాయి. శిక్షణ కేంద్రం దేనికీ ఇంటి నుంచి డబ్బు అడగదు, వైద్యం మిలటరీ ఆస్పత్రిలో ఉచితం. పెట్టేసి క్యాలెండరు మీది నంబరుకి చెయ్యండి. పొరపాటున పంపేస్తే గంటలోపే సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి ఫిర్యాదు చెయ్యాలి.

ఫ్లెక్సీల గురించి ఒక విన్నపం. సెలక్షనయిన మర్నాడే ఊరి సెంటర్లో యూనిఫారం ఫొటో, రెజిమెంటు పేరు, ఊరి పేరుతో పెద్ద ఫ్లెక్సీ కడుతున్నారు. యూనిటు వివరాలు వీధిలో పెట్టడం భద్రతకి మంచిది కాదన్నది ఒకటి. రెండోది, ఆ పిల్లాడు ఇంకా సైనికుడు కాలేదు. కాలు విరిగి వెనక బ్యాచికి పోయినా, వెనక్కొచ్చినా ఆ ఫ్లెక్సీ వాడి గుండెల మీద బండరాయవుతుంది. శిక్షణ చివర ప్రమాణం చేసే కసమ్ పరేడ్ అయ్యాక కట్టుకోవచ్చు.

వరదొస్తే చెప్పాలా

ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మూడో హెచ్చరిక వచ్చిందంటే మెస్సు టీవీలో కోనసీమ నీళ్లు కనపడతాయి. పిల్లాడికి ఫోను అందేది ఆదివారం. మధ్య నాలుగు రోజులు వాడు ఊహించుకునేది అసలు నీటికంటే ఎక్కువ లోతుంటుంది. ఇంట్లో సంగతులు దాచాలా చెప్పాలా అన్నదానికి మంచి పద్ధతి ఇదీ: వాడు మరోచోట వినే అవకాశమున్న ప్రతిదీ మీరే ముందు చెప్పండి, ఏం చేశారో కలిపి చెప్పండి. "నీళ్లు వీధిలోకొచ్చాయి, నానమ్మనీ గేదెనీ అత్తగారి ఊరు పంపేశాం, ధాన్యం అటక మీదుంది." అయిపోయిన దాని మీద వాడికి భయముండదు. నాన్న బీపీ పెరిగిందని, చెరువులో రొయ్య చచ్చిందని సగం మాట చెప్పి "నువ్వేం దిగులు పెట్టుకోకు" అనకండి.

తల్లిదండ్రుల్లో ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చినా, ఇంట్లో చావు జరిగినా దాచకూడదు. పిల్లాడి ఫోనుకి కాకుండా సెంటరుకి చేసి చెప్పండి. ఆస్పత్రి కాగితం ఫొటో సిద్ధంగా ఉంచుకోండి, నిజమో కాదో కనుక్కుని సెలవు సంగతి వాళ్లే తేలుస్తారు. దొంగ కబురుతో రప్పిస్తే తరవాత నిజం కబురుని కూడా నమ్మరు.

ఇంట్లో ఉన్నవాళ్ల ఒంటి సంగతి ఎవరూ అడగరు. మొక్కుకుని శనివారం, సోమవారం ఒక్కపొద్దులుండే తల్లికి షుగరు మాత్రలుంటే ఆ రోజు డోసు ఎలా అన్నది డాక్టర్ని అడిగే ఉండాలి. వేసుకుని తినకపోతే కళ్లు తిరిగి పడిపోతారు. నిద్ర, ఆకలి పోవడం, ఏ పనీ చెయ్యబుద్ధికాకపోవడం, ఊరికే ఏడుపు రావడం మొదటి వారాల్లో సహజం. అది రోజంతా, రెండు వారాలకి మించి అలాగే ఉంటే వైద్యుడికి చూపించుకోవాలి, 14416 మీకూ పనిచేస్తుంది. మగవాళ్లలో ఇది మౌనంగానో, రాత్రి మందు పెరగడంగానో కనపడుతుంది. చిన్నపిల్ల ఇంటర్ చదువుతుంటే ఇంట్లో మాటలన్నీ అన్నయ్య చుట్టూనే తిరుగుతాయి. ఆ పిల్ల పరీక్షల తేదీ కూడా అదే క్యాలెండరు మీద రాయండి. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పిల్లాడి జ్వరం సాయంత్రానికి బ్యారక్ మొత్తానికి అంటుకుంటుంది. రోజుకొకసారి చూసి పక్కన పెట్టడం మేలు.

వెనక్కి వస్తే

కొందరు వస్తారు. మెడికల్‌గా పనికిరారనో, పరీక్షలు దాటలేదనో పంపిస్తారు. ఆ రోజు స్టేషనుకి ఒక్కరే వెళ్లండి, ఇంట్లో జనాన్ని పోగు చెయ్యొద్దు. డిశ్చార్జి కాగితంలో కారణం ఏం రాశారో చూసి, టెన్త్, ఇంటరు ఒరిజినల్స్ అన్నీ చేతికొచ్చాయో లేదో అక్కడే సరిచూసుకోమనండి. ఎముక సమస్యైతే ముందు అది మానాలి. అడిగినవాళ్లకి ఇంటిల్లిపాదీ ఒకే మాట చెప్పండి: "కాలికి దెబ్బ తగిలింది, పంపించారు." పొడవుగా చెప్పేకొద్దీ అడిగేవాళ్లు పెరుగుతారు.

కసమ్ పరేడ్

శిక్షణ చివర ప్రమాణం చేసే పరేడుకి తల్లిదండ్రుల్ని పిలుస్తారు. చాలా సెంటర్లలో ఆ రోజు అమ్మానాన్నల ఎదకి గౌరవ్ పదక్ అనే పతకం పెడతారు. తప్పకుండా వెళ్లాల్సిన ప్రయాణమిది. తేదీ అటూ ఇటూ జరగొచ్చు కాబట్టి సెంటరు నుంచి ఖాయమయ్యాకే టికెట్లు తీయండి. రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే మొదలవుతుంది. బెంగళూరుకి కాకినాడ నుంచి శేషాద్రి, సికింద్రాబాదు వైపు గౌతమి ఉన్నాయి. వెల్లింగ్టన్‌కైతే రాజమండ్రి మీదుగా వెళ్లే ధన్‌బాద్–అలప్పుళ రైల్లో కోయంబత్తూరు దిగి, మేట్టుపాళయం మీదుగా కూనూరుకి బస్సు. ముందు రోజు సాయంత్రానికే చేరుకోండి. ఒరిజినల్ ఆధార్ లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. ఎంతమందిని రానిస్తారో ముందే అడగండి, పెదనాన్నా బాబాయిలతో బండి కట్టుకుని వెళ్లి బయట నిలబడటం బాధ.

తరవాత సెలవిస్తే ఇంటికొస్తాడు. ప్రతి చుట్టం ఇంటికీ తిప్పకండి, నాలుగైదు రోజులు నిద్రపోనివ్వండి. తిరుగు టికెట్టు కన్‌ఫర్మ్ అయ్యిందో లేదో వచ్చిన రోజే చూసుకోండి. సెలవు దాటి ఒక్క రోజు ఆలస్యమైనా ఆర్మీ చట్టం 39వ సెక్షను కింద తప్పే. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను పడితే మన లైను మీద రైళ్లు రద్దవుతాయి. అలాంటప్పుడు సెలవు గడువు ముగియకముందే యూనిటుకి ఫోను చేసి చెప్పాలి, రద్దయిన మెసేజీ, టికెట్టు దాచుకోవాలి, దొరికిన మొదటి బండి ఎక్కాలి.